ముంగిటి బడి: మహమ్మారి కాలంలో శిశువుల సంరక్షణ, విద్య

విద్య అనే మాట వినగానే మన మనస్సులో మెదిలేవి నల్లబల్ల, పాఠ్యపుస్తకం, పరీక్ష, పట్టా. కళాశాలలో చదివేవారికి, చెప్పేవారికి ఇది సహజమే. కాని ఆరేళ్ళ లోపు పసిబిడ్డకు ఈ నాలుగింటిలో ఒక్కటీ అవసరం లేదు. ఆ బిడ్డకు కావలసినవి కడుపునిండా తిండి, సకాలంలో టీకా, ఒడి, మాట, ఆట, తోటిపిల్లలు. వీటినన్నిటినీ కలిపి విద్యాశాస్త్రజ్ఞులు శిశు సంరక్షణ, విద్య అని వ్యవహరిస్తున్నారు. పేరులో రెండు మాటలున్నప్పటికీ ఈ వయస్సులో అవి రెండు వేర్వేరు పనులు కావు. అన్నం తినిపిస్తూ తల్లి చందమామను చూపుతుంది. ఆ ముద్దలో ఆహారమూ ఉన్నది, భాషా ఉన్నది. 2020 మార్చిలో మన దేశంలో ఈ రెండూ విడిపోయినవి. తిండి ఎట్లాగో ఇంటికి చేరినది. మాట, ఆట ఆగిపోయినవి. ఈ ఎడబాటు ఎట్లా జరిగినది, దాని వలన పసివారు ఏమి పోగొట్టుకొన్నారు, అట్టి విపత్తు మరల వచ్చినచో మనవంటి వారు ఏమి చేయగలరు అనే విషయాన్ని ఈ వ్యాసంలో పరిశీలింపదలచినాను.

ముందుగా 'అంగన్‌వాడీ' అనే పదాన్ని గురించి తెలుగు అధ్యాపకునిగా రెండు మాటలు చెప్పక తప్పదు. మన విద్యార్థులలో కొందరు దీనిని 'అంగనల వాడ' అని, అనగా స్త్రీలు పనిచేసే చోటు అని భావించుట కద్దు. అక్కడ పనిచేసేవారందరూ స్త్రీలే కనుక ఈ అర్థం అతికినట్లే కనిపిస్తుంది. కాని సంస్కృతంలో 'అంగన' వేరు, 'అంగణము' వేరు. మొదటిది స్త్రీ; రెండవది ముంగిలి. ఉర్దూ విద్యార్థులకు ఈ చిక్కు లేదు. వారి ఇళ్ళలో 'ఆంగన్' నిత్యం వినిపించే మాటే. 'వాడీ' అనగా మరాఠీ, గుజరాతీ భాషలలో తోట. కాబట్టి అంగన్‌వాడీ అనగా ముంగిటి తోట. జర్మనీలో ఫ్రోబెల్ 1840లో తన శిశుశాలకు పెట్టిన 'కిండర్‌గార్టెన్' అనే పేరుకు కూడా పిల్లల తోట అనియే అర్థం. తోట రెండు పేర్లలోనూ ఉన్నది. ముంగిలి మాత్రం మన దేశం చేర్చినది; అది ఊరక చేరలేదు.

తారాబాయి మోదక్ (1892–1973) భావనగర్‌లోని దక్షిణామూర్తి బాలమందిరంలో గిజుభాయి బధేకాతో కలిసి పనిచేసినారు. మాంటిస్సోరీ పద్ధతిని భారతీయ గృహాలకు, భారతీయుల ఆదాయాలకు అనువుగా మలచినవారిలో ఈ ఇద్దరూ అగ్రగణ్యులు. మోదక్ గారు 1945లో బోర్డీ గ్రామంలో శిశు విద్యాకేంద్రాన్ని నెలకొల్పి, 1957లో తమ కార్యక్షేత్రాన్ని కోస్‌బాడ్ కొండకు మార్చినారు. అక్కడ నివసించేవారు వార్లీ గిరిజనులు. బడి ఉన్నది, బోధించేవారు ఉన్నారు, పిల్లలు మాత్రం రాలేదు. పెద్దపిల్లలు పశువులు కాయవలెను, చంటివారిని చూసుకొనవలెను. అప్పుడు మోదక్ గారు, వారి శిష్యురాలు అనుతాయి వాఘ్ గారు చేసిన పని ఏమనగా, బడినే గూడేలకు తీసుకొనిపోయినారు. ముంగిళ్ళలో పసివారికి స్నానం, ఆట, పాట. పచ్చిక బయళ్ళలో పశువుల కాపరులకు పాఠం. గింజలు, ఆకులు, గవ్వలు, మట్టి ఇవే ఉపకరణాలు. పిల్లలు రాలేనిచోటికి బడి కదలి వెళ్ళుట అనే ఈ భావమే అంగన్‌వాడీకి పునాది. 1975 అక్టోబరు 2న భారత ప్రభుత్వం సమగ్ర శిశు అభివృద్ధి సేవా పథకాన్ని 33 ప్రాంతాలలో ప్రయోగాత్మకంగా ప్రారంభించినప్పుడు గ్రామస్థాయి కేంద్రానికి ఈ పేరే స్థిరపడినది.

ఆ పథకం ఇప్పుడు దేశమంతటా వ్యాపించినది. కేంద్రాల సంఖ్య 13 లక్షలు దాటినది. తెలంగాణలో సుమారు 35,700, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 55,600 కేంద్రాలు ఉన్నవి. అనుబంధ పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్ష, ఆస్పత్రికి పంపుట, తల్లులకు పోషకాహార ఆరోగ్య బోధ, పూర్వ ప్రాథమిక విద్య అని ఆరు సేవలను పథకం చెప్పుచున్నది. ఆరింటిలో విద్యకు లభించే శ్రద్ధ తక్కువ. దీనికి కారణం కనిపెట్టుట కష్టం కాదు. కోడిగుడ్లను లెక్కపెట్టవచ్చును, బిడ్డ బరువును తూచవచ్చును. బిడ్డ నేర్చుకొన్న మాటలకు రిజిస్టరులో గడి లేదు.

ఇక మహమ్మారి సంగతి. 2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను ప్రపంచవ్యాప్త మహమ్మారిగా ప్రకటించినది. మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ అమలులోకి వచ్చినది. అంతకు వారం రోజుల ముందే, మార్చి 18న, సుప్రీంకోర్టు తనంతట తానుగా ఒక విచారణ చేపట్టి, బడులు, అంగన్‌వాడీలు మూతపడినచో పిల్లలకు అన్నం ఎట్లా అందుతుందని రాష్ట్రాలను ప్రశ్నించినది. ఇది మెచ్చుకొనదగిన ముందుచూపు. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం ప్రకారం ఆరు నెలల నుండి ఆరేళ్ళ వరకు గల ప్రతి బిడ్డకు అంగన్‌వాడీ ద్వారా ఉచితాహారం హక్కు. తలుపులు మూసినంత మాత్రాన హక్కు మూతపడదు. అందుచేత రెండు తెలుగు రాష్ట్రాలలోనూ బియ్యం, పప్పు, నూనె, పాలు, గుడ్లు, బాలామృతం ఇంటికి పంపే ఏర్పాటు జరిగినది. ఆ వేసవిలో ఈ పని చేసినవారు అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు. వారే ఇంటింటికీ తిరిగి జ్వరపీడితుల వివరాలు కూడా రాసుకొన్నారు. 2018 అక్టోబరు నుండి కేంద్రం టీచరుకు నిర్ణయించిన గౌరవ వేతనం నెలకు 4,500 రూపాయలు, ఆయాకు 2,250. రాష్ట్రాలు దానికి కొంత కలుపుతున్న మాట నిజమే. వేతనం అనక గౌరవ వేతనం అనుటలో గౌరవం ఎంత, వేతనం ఎంత అనేది పాఠకులే ఆలోచింపవచ్చును.

అయితే కేంద్రంలో వండి వడ్డించే అన్నానికి, ఇంటికి పంపే సరుకుకు ఒక భేదం ఉన్నది. అప్పటి నియమం ప్రకారం మూడు నుండి ఆరేళ్ళ బిడ్డకు రోజుకు 500 కేలరీల శక్తి, 12 నుండి 15 గ్రాముల మాంసకృత్తులు అదనంగా అందవలసి ఉండెను. కేంద్రంలో ఆ బిడ్డ పళ్ళెంలో వడ్డించినది ఆ బిడ్డే తింటుంది. ఇంట్లో కుండ ఒక్కటే. కూలిపని ఆగిపోయిన ఇంట్లో తండ్రి, తల్లి, అవ్వ, నలుగురు పిల్లలు ఉండగా, మూడేళ్ళ బిడ్డ పేరిట వచ్చిన బియ్యం మూడేళ్ళ బిడ్డకే వండిపెట్టుట ఏ తల్లికీ సాధ్యం కాదు. అట్లా చేయమనుట న్యాయమూ కాదు. ఈ పంపకాన్ని తప్పుపట్టుట నా ఉద్దేశం కాదు. ఆహారాన్ని కొలిచేటప్పుడు కుటుంబాన్నంతటినీ కొలవవలెనని మాత్రమే నా అభిప్రాయం. మహమ్మారికి ముందే మన పరిస్థితి అంతంతమాత్రం. 2019లో మన రాష్ట్రాలలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, అయిదేళ్ళ లోపు పిల్లలలో వయస్సుకు తగిన ఎత్తు లేనివారు తెలంగాణలో 33 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 31 శాతం. రక్తహీనత గల పసివారు తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం. ఈ అంకెలపై లాక్‌డౌన్ వచ్చి పడినది.

బిడ్డలను తూచే పని కూడా అప్పుడే కుంటుపడినది. బరువు పడిపోతున్న బిడ్డను గుర్తించేదే తక్కెడ. ఆ తక్కెడ తాళం వేసిన గదిలో ఉండిపోయినది. దీనికి సులభమైన ప్రత్యామ్నాయం లేకపోలేదు. ఆరు నెలలు దాటి అయిదేళ్ళు నిండని బిడ్డ ఎడమచేతి పైభాగాన, భుజానికి మోచేతికి నడుమ, కొలతపట్టీతో చుట్టుకొలత తీసినచో పదకొండున్నర సెంటీమీటర్ల కంటె తక్కువ ఉన్న బిడ్డకు తీవ్రమైన పోషకలోపం ఉన్నట్లు లెక్క. ఆ పట్టీ ఖరీదు స్వల్పం. రంగులతో గుర్తులు ఉండుటచేత చదువురాని తల్లి కూడా చూసి చెప్పగలదు. ఇటువంటి పట్టీ ప్రతి ఇంటా ఉండి ఉంటే టీచరు ఇంటి గడప దాటకుండానే విషయం తెలిసేది.

టీకాల విషయం ఇంతకంటె ప్రమాదకరం. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి 2021 జూలైలో ప్రకటించిన అంచనా ప్రకారం, కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాతం నివారించే టీకా మూడవ మోతాదు 2019లో మన దేశంలో 91 శాతం పసివారికి అందగా 2020లో అది 85 శాతానికి తగ్గినది. కోవిడ్ భయంతో ఆస్పత్రి గడప తొక్కని తల్లుల ఆందోళన అర్థం చేసుకొనదగినదే. కాని వ్యాధులు మన భయాలను బట్టి వరుస పాటింపవు. 2022 చివర ముంబయిలో తట్టు వ్యాధి చెలరేగినప్పుడు మొదట ఎక్కువగా దెబ్బతిన్నది గోవండి మురికివాడలు. అక్కడివారిలో అధికులు పేద ముస్లిములు. కరోనా పసివారిని సాధారణంగా తేలికగానే వదలిపెట్టినది. టీకా అందని పసివారిని తట్టు వదలిపెట్టలేదు. మన బస్తీలలోని పెద్దలు ఈ ఒక్క సంగతిని గట్టిగా జ్ఞాపకం ఉంచుకొనవలెను.

ఇప్పుడు ఈ వ్యాసానికి ముఖ్యమైన విషయానికి వస్తాను. తిండిని ఇంటికి పంపినట్లే విద్యను కూడా ఇంటికి పంపే ప్రయత్నం జరిగినది, కాని ఎవరికి? తెలంగాణలో 2020 సెప్టెంబరు 1న దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా ప్రారంభమైన పాఠాలు మూడవ తరగతి నుండి పదవ తరగతి వరకు గల విద్యార్థులకు. ఇందులో ఒక చారిత్రకమైన విచిత్రం ఉన్నది. 1937 సెప్టెంబరులో అమెరికాలోని చికాగో నగరంలో పోలియో వ్యాపించి బడులు తెరవనప్పుడు అక్కడి అధికారులు రేడియో ద్వారా పాఠాలు చెప్పించినారు. అవి మూడవ తరగతి నుండి ఎనిమిదవ తరగతి వరకు గల పిల్లలకు. ఎనభై మూడేళ్ళ ఎడంతో, రెండు ఖండాలలో, రెండు యంత్రాలతో జరిగిన రెండు ప్రయత్నాలూ మూడవ తరగతి దగ్గరనే మొదలైనవి. ఇది ఎవరి నిర్లక్ష్యమూ కాదు. చదువుట, వ్రాయుట వచ్చిన బిడ్డ యంత్రం ముందు కూర్చుని ఎంతో కొంత గ్రహింపగలదు. అంతకంటె చిన్నబిడ్డ గ్రహింపలేదని రెండుచోట్లా తెలిసే ఉన్నది. తెలిసినప్పుడు ఆ చిన్నబిడ్డకు వేరొక దారి చూపవలసి ఉండెను. ఆ రెండవ ఆలోచన బలహీనంగా జరిగినది.

పసిబిడ్డకు యంత్రం ఎందుకు చెప్పలేదు? ఈ వయస్సులో నేర్చుకొనుట అనేది ఇచ్చి పుచ్చుకొనుట. బిడ్డ 'బ్బ' అంటుంది, తల్లి 'బంతి కావాలా అమ్మా?' అంటుంది, బిడ్డ చేయి చాపుతుంది, తల్లి బంతిని దొర్లిస్తుంది. బిడ్డ పంపిన ప్రతి సంజ్ఞకు ఒక మనిషి నుండి బదులు వచ్చుట అవసరం. టెలివిజన్ అందరితోనూ ఒకే మాట చెప్పి పోతుంది. ఈ బిడ్డ ఏమన్నదో దానికి వినిపించదు. అందువలననే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఏడాది నిండని శిశువుకు తెర అసలే వద్దని, రెండు నుండి నాలుగేళ్ళ వారికి రోజుకు ఒక గంట మించరాదని సూచించినది. 2020 జూలైలో మన కేంద్ర ప్రభుత్వం వెలువరించిన 'ప్రజ్ఞాత' మార్గదర్శకాలు కూడా పూర్వ ప్రాథమిక దశలో తెర ద్వారా జరిగే సంభాషణ తల్లిదండ్రులతోనే ఉండవలెనని, అరగంట మించరాదని చెప్పినవి. అయినను నగరాలలో కొన్ని ఇళ్ళలో నాలుగేళ్ళ పిల్లలను గంటల తరబడి ఫోను ఎదుట కూర్చోబెట్టినారు. పేద ఇళ్ళలో ఆ బాధ లేదు. ఉన్న ఒక్క ఫోను తండ్రితో పనికి పోయేది. ఒకచోట తెర అతిగా, ఒకచోట ఏమీ లేకుండా, రెండుచోట్లా మనిషి బదులు మాత్రం కరువైనది.

ఇక్కడ మన కళాశాలకు దగ్గరైన ఒక సంగతి చెప్పవలెను. ఉర్దూ మాట్లాడే ఇంటి బిడ్డకు తెలుగు ఎక్కడ వస్తుంది? ఇంట్లో రాదు. వీధి అరుగు మీద, పక్కింటి పిల్లలతో దాగుడుమూతలు ఆడుతూ, అంగన్‌వాడీలో పాటలు పాడుతూ వస్తుంది. మూడు నుండి ఆరేళ్ళ లోపు బిడ్డ రెండవ భాషను నేర్చుకొనుటకు వ్యాకరణం అవసరం లేదు, అలసట లేదు, ఆటకోసం నేర్చుకొంటుంది. అదే బిడ్డ పదేళ్ళ తరువాత తెలుగును పాఠంగా చదివేటప్పుడు ఎంత కష్టపడుతుందో తరగతి గదిలో నిలబడి చెప్పే నావంటి వారికి బాగుగా తెలుసు. ఆ వీధి, ఆ అరుగు, ఆ కేంద్రం ఒక్కసారిగా మూతపడినవి. ఇంటిభాష మాత్రం ఇంట్లో మిగిలినది, పొరుగుభాష పోయినది. అట్లే తెలుగు ఇంటి పిల్లలకు ఉర్దూ మాటలు చెవిన పడే అవకాశమూ పోయినది. మా తరంలో రెండు భాషలు వచ్చినవారు చాలామంది బడిలో కాక వీధిలోనే నేర్చుకొన్నవారు. 2020 నాటి జాతీయ విద్యావిధానం చిన్నతరగతులలో ఇంటిభాషకు ప్రాధాన్యం ఇవ్వవలెనని చెప్పినది, అది సమంజసమే. పొరుగుభాషకు ఏ విధానపత్రమూ వీధి ఆటను మించిన దారి చూపలేదు.

మన రెండు సంప్రదాయాలలోనూ ఈ వయస్సును గుర్తించిన వేడుకలు ఉన్నవి. ఒక ఇంట పళ్ళెంలో బియ్యం పోసి అక్షరాభ్యాసం చేయిస్తారు. మరొక ఇంట బిడ్డకు నాలుగేళ్ళ నాలుగు నెలల నాలుగు రోజులు నిండినప్పుడు బిస్మిల్లా వేడుక జరిపి మిఠాయి పంచుతారు. రెండింటిలోనూ అక్షరం ఒక్క నిమిషం. మిగిలిన పూటంతా బంధువులు, కొత్తబట్టలు, ఒడి, తీపి. చదువు అనేది నలుగురి నడుమ ప్రారంభమయ్యే ఆనందకార్యమని మన పెద్దలు భావించినారు. 2020, 2021 సంవత్సరాలలో ఆ వయస్సుకు వచ్చిన పిల్లలకు ఆ నలుగురే కరువైనారు.

మూసివేత అసలే తగదని నేను అనను. వ్యాధి స్వభావం తెలియని తొలి నెలలలో, 2021 వేసవిలో ప్రాణవాయువు కోసం జనం పరుగులు తీసిన రోజులలో, ఇరుకు గదులలో పిల్లలను చేర్చుట అవివేకమే అయ్యేది. కాని తెరిచే వరుసలో పసివారికి ఏ స్థానం లభించినది? డెన్మార్క్ దేశం 2020 ఏప్రిల్ 15ననే, అన్నిటికంటె ముందుగా, శిశుశాలలను, చిన్నతరగతులను తెరిచినది. చిన్న జట్లుగా విభజించి, వీలైనంతవరకు ఆరుబయట ఉంచినది. మన దేశంలో 2020 అక్టోబరు 15 నుండి సగం ఆసనాలతో సినిమాహాళ్ళు తెరుచుకొనవచ్చునని కేంద్రం అనుమతించినది. అంగన్‌వాడీల విషయంలో 2021 జనవరి 13న సుప్రీంకోర్టు, ఆ నెలాఖరులోగా నిర్ణయం తీసుకొనవలెనని రాష్ట్రాలను ఆదేశించవలసి వచ్చినది. తెలంగాణలో అంగన్‌వాడీ మొదలు విశ్వవిద్యాలయం వరకు అన్నిటినీ తెరవవలెననే నిర్ణయం 2021 సెప్టెంబరు 1 నుండి అమలైనది. అనగా దాదాపు ఏడాదిన్నర. మనకు ఏడాదిన్నర అనగా మూడు సెమిస్టర్లు. మూడేళ్ళ బిడ్డకు అది తాను బ్రతికిన కాలంలో సగం.

చిన్న చిన్న ప్లేస్కూళ్ళ కథ వేరు. ఫీజులు రాక అనేకం తిరిగి తెరుచుకొనలేదు. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు పాఠశాలల సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చినది. వారి స్థితి ఎట్లున్నదో ఊహించుటకు ఆ సహాయమే చాలును.

మరి ఏమి చేసి ఉండవచ్చును? మొదటి సమాధానం గాలి. ఈ వ్యాధి ముఖ్యంగా మూసిన గదిలోని గాలి ద్వారా వ్యాపిస్తుందని తేలినది. మన కేంద్రాలు ఎన్నో ఒక్క కిటికీ గల అద్దె గదులలో ఉన్నవి. ముంగిలి, చెట్టు నీడ, మసీదు ఆవరణ, గుడి మండపం, బడి మైదానం ఇట్టివి ప్రతి ఊరిలో ఉన్నవి. 1914లో లండన్ నగరంలోని డెట్‌ఫర్డ్ మురికివాడలో మెక్‌మిలన్ సోదరీమణులు పేద పిల్లలకోసం ఆరుబయటి శిశుశాలను స్థాపించి, తోటలోనే తిండి, నిద్ర, ఆట ఏర్పాటు చేసినారు. పిల్లలకు గాలి, వెలుతురు మందువలె పనిచేయునని వారి విశ్వాసం. కోస్‌బాడ్‌లో మోదక్ గారు చేసినది మరొక కారణంచేత అదే. అయిదుగురు లేక ఆరుగురు పిల్లలను ఒక జట్టుగా, ఒకే వీధివారిని, ఒక గంటసేపు, ఒక ముంగిట కూర్చోబెట్టవచ్చును. వీధి పిల్లలు ఎటూ కలిసి ఆడుకొనేవారే కనుక అదనంగా వచ్చే ప్రమాదం స్వల్పం. పసివారికి మాస్కు బలవంతం చేయనక్కరలేదు; అయిదేళ్ళు, అంతకు తక్కువ వయస్సు గల వారికి మాస్కు తప్పనిసరి చేయరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ 2020 ఆగస్టులో సూచించినవి. ఆరుబయట, కాస్త ఎడంగా కూర్చున్నచో టీచరు ముఖం కూడా పిల్లలకు కనిపించవచ్చును; పెదవుల కదలిక చూసి మాట నేర్చే వయస్సుకు ఇది అత్యవసరం.

రెండవ సమాధానం గడప. గుడ్లు, బాలామృతం ఇచ్చుటకు టీచరు గడప వద్దకు ఎటూ వచ్చినది. ఆ నాలుగు నిమిషాలు పాఠం కాగలదు. బిడ్డను పేరుపెట్టి పిలిచి రెండు ప్రశ్నలు అడుగుట, తల్లికి ఒక ఆట చూపి పోవుట, తరువాత వచ్చినప్పుడు ఆ ఆట ఎట్లా సాగినదో విచారించుట. దీనికి ముద్రిత గ్రంథాలు అక్కరలేదు. కందులు, పెసలు, శనగలు కలిపిన పళ్ళెం ఇచ్చి వేరు చేయమనవచ్చును; వేళ్ళకు పట్టు, కంటికి పోలిక, నోటికి పేర్లు వస్తవి. (మూడేళ్ళ లోపు వారికి గింజలు ఇవ్వరాదు, ముక్కులోనో గొంతులోనో పెట్టుకొంటారు. వారికి గిన్నెలు, మూతలు చాలును.) ఏ గిన్నెకు ఏ మూత అని వెదకుట చిన్న గణితమే. రొట్టెలు చేస్తూ తల్లి పెద్ద రొట్టె, చిన్న రొట్టె అని చూపవచ్చును. గుజ్జనగూళ్ళు, చెమ్మచెక్క, దాగుడుమూతలు, గచ్చకాయలు, ఉర్దూ ఇళ్ళలో ఆంఖ్ మిచోలీ, దాదీ చెప్పే కహానీ ఇవన్నీ ఈ విద్యలో భాగాలే. చదువురాని తల్లి తాను బోధింపలేనని వెనుకాడుట చూస్తాము. ఈ దశలో తల్లికి అక్షరం రానవసరం లేదు. బిడ్డతో మాట్లాడుట, బిడ్డ చెప్పేది వినుట చాలును. ఈ ధైర్యం ఇచ్చుటే గడప వద్ద టీచరు చేయవలసిన పెద్ద పని. అయితే నెలకు ఇన్ని గుడ్లు పంచినారా అని అడిగే పైఅధికారి, ఇన్ని ఇళ్ళలో పిల్లలతో మాట్లాడినారా అని కూడా అడిగినప్పుడే ఇది నిలుస్తుంది.

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసినదని ప్రకటించినది. అదే నెల 10న కేంద్ర ప్రభుత్వం 'పోషణ్ భీ, పఢాయీ భీ' అనే కార్యక్రమాన్ని ప్రారంభించి, అంగన్‌వాడీ టీచర్లకు పూర్వ ప్రాథమిక విద్యలో శిక్షణ ఇచ్చుటకు పూనుకొన్నది. పోషణతోపాటు చదువు కూడా అని పేరులోనే చెప్పవలసి వచ్చుట గమనింపదగినది. 2020లో మూడేళ్ళు నిండిన బిడ్డ ఆ 2023 జూన్‌లోనే ఒకటవ తరగతి గడప తొక్కినది. ఆ శిక్షణ ఆ బిడ్డకు అందలేదు. ఆ వయస్సు పిల్లలు మన చుట్టూ ఇప్పుడు ప్రాథమిక పాఠశాలలలో ఉన్నారు. మన విద్యార్థుల తమ్ముళ్ళు, చెల్లెళ్ళు, అక్కల పిల్లలు వారే. తెలుగులో వెనుకబడినారని వారిని మందలించుటకు ముందు, ఆ తెలుగు వారికి రావలసిన వీధి ఏడాదిన్నరపాటు మూసి ఉన్నదని ఇంటివారు తలచుకొన్నచో మేలు.

ఉర్దూ, తెలుగు శాఖలు ఒకే కప్పు క్రింద ఉన్న కళాశాలకు ఈ విషయంలో ఒక సౌకర్యం ఉన్నది. పసివారు నిత్యం వినే వంద మాటలకు రెండు భాషలలో బొమ్మల కార్డులు తయారుచేయుట మన విద్యార్థులకు అసాధ్యం కాదు. నీళ్ళు–పానీ, పాలు–దూద్, చెట్టు–పేడ్, పిల్లి–బిల్లీ, ఇట్లా. అట్టపై ఒకవైపు బొమ్మ, రెండవవైపు రెండు లిపులలో మాట. ఇంట్లోని నానీ, దాదీ, అమ్మమ్మ, నాయనమ్మలు చెప్పే కథలను వారి గొంతులతోనే రికార్డు చేసి ఉంచినచో, రేపు తలుపులు మూసుకొన్నా ఫోనులో చూపనక్కరలేకుండా వినిపించవచ్చును. బొమ్మ లేని కథను బిడ్డ తానే ఊహించుకొంటుంది. కళాశాల సంఘంవారిని కోరేది రెండే. అట్టలకు, రంగులకు అయ్యే స్వల్పవ్యయం. వారానికి ఒక మధ్యాహ్నం మన ఆవరణలోని చెట్టు నీడను చుట్టుపక్కల అంగన్‌వాడీ పిల్లలకు, వారి తల్లులకు విడిచిపెట్టుటకు అనుమతి. మాటల జాబితా వేసవి సెలవులకు ముందే సిద్ధం చేయవచ్చును. బొమ్మలు వేయగల విద్యార్థినీ విద్యార్థులు తెలుగు శాఖలో గాని ఉర్దూ శాఖలో గాని తమ పేర్లు ఇవ్వగోరుచున్నాను.